చెరువు బురదతో కేతేపల్లి నుంచి

పొద్దున ఆరింటికి హైదరాబాదులో సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. దారిలో నలభై రూపాయల ఇడ్లీ. తొమ్మిది దాటాక కేతేపల్లిలో దిగాను. పెద్ద వాన పడి రెండు రోజులైంది. ఇంకా ఆలస్యమైతే కొత్తగా కొట్టుకొచ్చిన మట్టి పాత బురదలో కలిసిపోయి నా పని దండగ.

వానతోపాటు ఆకాశం నుంచి బెరీలియం-7 అనే రేడియోధార్మిక పదార్థం పిసరంత దిగి మట్టికి అంటుకుంటుంది. రెండు నెలల్లోపే సగమైపోతుంది. చెరువు అడుగున ఏ పొరలో అది కనిపిస్తే, ఆ మట్టి ఈమధ్యే కొట్టుకొచ్చిందన్నమాట. ఎక్కడ వాన పడ్డా ఉండేదే, హాని లేదు. క్లాసులో వందసార్లు చెప్పిన పాఠమిది. నాకు నాలుగో నెలని మాత్రం లాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెరువుకు పంపరని భయం.

చేపలు పట్టే ఒకాయన తెప్ప మీద తీసుకెళ్లాడు. తెప్ప ఊగినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. గొట్టం దింపి మూరెడు బురద తీసేసరికి పన్నెండయింది. గొట్టం పక్కకు ఒరిగితే పొరలు కలిసిపోతాయి. లాబ్ చేరేదాకా నిలువుగానే పట్టుకోవాలి.

ఒంటిగంట బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన ఏడో నెల గర్భిణి కూర్చుంది, నకిరేకల్ దవాఖానలో చూపించుకోవడానికి వెళ్తోందట. గొట్టం మీది పసుపు స్టిక్కరు చూసి గబుక్కున లేచింది.

"గీ గుర్తు ఎక్స్‌రే గది తలుపుకుంటది. కడుపుతోటి ఉన్నోళ్లు రావద్దంటరు."

అది రేడియేషన్ హెచ్చరిక గుర్తు, లాబ్‌లో అన్ని గొట్టాలకూ అలవాటుగా అంటించేది. పీకేయడం మరిచాను.

"బురద ఏ చెరువుదక్కా?"

చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎండకాలం గా చెరువు మట్టే మా పత్తి చెల్కల పోసినం. తట్టలు నేనే మోసిన. నా కడుపుల బిడ్డకు ఏమన్న అయితదా?"

ఏమీ కాదన్నాను. వాన సంగతి వివరించాను. ఆమె కూర్చోలేదు, ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోలేదు. చివరికి ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"నేనూ కడుపుతోనే ఉన్నానమ్మా."

ఆమె నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూసింది.

"మరి గంత దూరం పట్టుకున్నవేందక్కా?"

చూసుకున్నాను. చేతులు రెండూ చాచి, గొట్టాన్ని ముందు సీటుకు ఆనించి ఉంచాను. భుజాలు అప్పటికే లాగేస్తున్నాయి. సిగ్గేసి దగ్గరకు లాక్కుని పొట్టకు ఆనించుకున్నాను. మరుక్షణమే చేతులు దాన్ని మళ్లీ కొంచెం ముందుకు జరిపాయి. ఆమె అదీ చూసింది.

నకిరేకల్ దాకా నిలబడే వచ్చింది. దిగుతూ, "జర పైలం అక్కా" అంది.

నాలుగున్నరకు హైదరాబాదు చేరాను. బురదలో ఒక్క పొరా చెదరలేదు. ఆ చెరువుకు వెళ్లాలనుకునేవారికి బస్సులకు లోటు లేదు, మనుషులు మంచివాళ్లు. నేను మళ్లీ వెళ్లి, ఆమె ఇల్లు వెతుక్కుని, ఏమీ కాదని చెప్పాలి. ముందు ఆ మాట నా చేతులు నమ్మాలి.