ఎవరి చేత?

నా చిన్నప్పుడు మా అమ్మ నా ఒక్కదాని సొత్తని అనుకునేదాన్ని. పినపాకలో మా పిన్ని పోయి, ఆమె కూతుర్ని అమ్మ మా ఇంటికి తెచ్చుకున్నాక ఆ నమ్మకం కాస్తా పోయింది. టేకులపల్లి దగ్గర, బొగ్గుబావి కార్మికులకిచ్చిన రెండు గదుల క్వార్టరు మాది. ఎటు తిరిగినా ఆ పిల్లే కనపడేది. అమ్మ ముందు దానికి జడ వేసేది, తర్వాత నాకు. కూరలో మంచి ముక్క దాని కంచంలో పడేది. క్రిస్మస్‌కి ఖమ్మం నుంచి తెచ్చిన గుడ్డలో దానికి కుచ్చుల గౌను కుట్టించి, మిగిలిన దాంట్లో నాకు సాదా గౌను కుట్టించింది. నాకు కడుపు మండిపోయింది. ముసలివాళ్లయ్యాక ఇట్లాంటివి నవ్వుతూ చెప్పుకుంటారు గానీ, అప్పుడు అది నిజంగానే మండింది.

మూతి ముడుచుకుని, అన్నం మానేసి, దాన్ని వాళ్ల నాన్న దగ్గరికి పంపేయమని రోజూ పోరు పెట్టాను. ఆయన అప్పటికే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ పిల్ల తిన్నదా, ఉన్నదా అని అడిగేవాడు కాదు. ఆ వారం మాత్రం ఓసారి చూసిపోతానని కబురు పెట్టాడు. అమ్మ నాతో విసిగిపోయి ఉంది.

"ఆదివారం మీ బాబాయి వస్తుండు. నువ్వు వద్దంటే ఆయనెంట తోలిస్త. చెప్పుడు నీదే," అంది.

నేను గెలిచాననుకున్నాను. రెండు గదుల ఇంట్లో మాట దాగదు, ఆ పిల్లా వినే ఉంటుంది.

శనివారం సాయంత్రం ఎప్పటిలాగే ఇద్దరం పక్కింటి అక్క దగ్గరికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లాం. ఆమె ఖమ్మంలో టీచరు ట్రైనింగు చదివి వచ్చింది. ఆ రోజు పాఠం కర్మణి వాక్యం. బళ్లో మా సారు, రాముడు రావణుణ్ణి చంపెను, రాముని చేత రావణుడు చంపబడెను అని తిరగేయించేవాడు. ఎందుకు తిరగేయాలో మాత్రం చెప్పేవాడు కాదు. అక్క నవ్వి, అన్నం నా చేత తినబడింది అని ఇంట్లో అన్నారంటే మీ అమ్మ చేత మీ వీపులు వాయించబడతాయి అంది. మనకు ఈ 'బడు' ఉండేది సైకిళ్లు బాగుచేయబడును అనే బోర్డుల మీదే. ఇంగ్లీషువాళ్లు మాత్రం రోజూ వాడతారట. పుట్టానని చెప్పడానికి కూడా వాళ్లకు 'ఐ వాజ్ బార్న్' కావాలట. చేసింది ఎవరో తెలియనప్పుడూ, చెప్పక్కర్లేనప్పుడూ, చెప్పడం ఇష్టం లేనప్పుడూ ఆ మనిషిని వాక్యంలోంచి వదిలేస్తారని విడమరిచింది.

"ఈ 'బడు' అంటే ఏంది? పడుడే కద. ఎవరి మీద పడ్డదో వాళ్లను ముందల కూసోబెడ్తరు," అంది.

తర్వాత మా ఇంటి సంగతులు అట్లా చెప్పమంది. కొత్త గౌను దానికి ఇవ్వబడింది అని నేను తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పాను. బై హూమ్, ఎవరి చేత, అని అక్క అడిగింది. బై మై మదర్ అన్నాను, ఆ 'మై' దగ్గర బాగా నొక్కి.

ఆ పిల్ల వంతు వచ్చింది. గోడకు ఆనుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. ఐ వాజ్ బ్రాట్ హియర్. ఐ వాజ్ గివెన్ ఎ ఫ్రాక్. ఐ వాజ్ టోల్డ్, డోంట్ క్రై. నేను కుళ్లి చచ్చిన ఆ గౌను, ఏడవొద్దన్న మాట పక్కన వచ్చి నిలబడింది. అన్నీ దాని మీద పడ్డవే. ఒక్కటీ అది అడిగి తీసుకున్నది కాదు.

"అక్కా, నన్ను పంపేస్తరా అని అడగాలంటే ఎట్లనాలె?" అంది.

విల్ ఐ బి సెంట్ అవే, అని అక్క చెప్పింది. ఎప్పుడూ అడిగే బై హూమ్ మాత్రం అడగలేదు. ఆ పిల్ల ఆ వాక్యాన్ని నా వైపు తిరిగి పలికింది.

మర్నాడు చర్చి అయ్యాక బాబాయి వచ్చాడు, టీ తాగాడు. అమ్మ నా వంక చూసింది. అన్ని రోజులుగా నానబెట్టుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉండనియ్యమ్మా. ఏడికి పోతది?" అన్నాను.

బాబాయి బతికిపోయాననుకున్నట్టు లేచి చెప్పులేసుకున్నాడు.

దాంతో నా కుళ్లు పోయిందనుకునేరు, పోలేదు. అమ్మ పోయేటప్పుడు దాని చెయ్యే పట్టుకుంది. నేను కాళ్ల దగ్గర కూర్చుని, ఆ చేతులనే చూస్తూ, అంత దుఃఖంలోనూ ఓర్వలేకపోయాను. పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారని తెలిసినంత మాత్రాన మంట ఆరదు. కాకపోతే ఇప్పటికీ ఇంట్లో ఎవరినో పంపేశారట, తీసేశారట, వద్దన్నారట అని మాట వస్తే, ఎవరు, అని అడగకుండా ఉండలేను. మనం 'బడు' లేకుండానే మనుషుల్ని దాచేయగలం. నా పిల్లలు చాదస్తమని విసుక్కుంటారు. అడిగే ముందు, ఆ చేసినవాళ్లలో నేను లేను కదా అని ఒకసారి చూసుకుంటానని వాళ్లకు తెలియదు.