మరిది జీతం వివరాలు కోర్టుకు వచ్చిన రోజు

ఈ రోజు చెల్లెలితో జమ్మలమడుగు కోర్టుకు వెళ్లాను. ఆమెను, పాపను వదిలేసిన మా మరిది ప్రభుత్వోద్యోగి. జీతం లేని సెలవులో ఉన్నానని చెప్పి, పాప చదువుకు ఏళ్ల తరబడి పైసా ఇవ్వలేదు. ఈసారి జడ్జిగారు అడిగితే అతని ఆఫీసువాళ్లే జీతం వివరాలు పంపారు. నెలనెలా జీతం పడుతూనే ఉందట. ఇకమీదట పాప భరణం అందులోనే పట్టుకుని చెల్లెలి ఖాతాలో వేస్తారు.

బయటికొచ్చాక చెల్లెలు అడిగింది. "అక్కా, ఆయప్ప మనసు మారాలని గదా నువ్వు ఇన్నాళ్లూ ప్రార్థన చేస్తాంటివి?"

"ఔను మే. దేవుడు ఆ మనసు జోలికి పోకుండా నేరుగా ఆఫీసుకు పోయినట్టుండాడు."

శానా రోజులకు అది నవ్వింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన ఈ మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పాలి. ఆ వివరాలు పంపిన గుమాస్తా పేరు కూడా నాకు తెలియదు. జీతాల సెక్షన్ కోసం స్తోత్రం చెప్పినవాళ్లు మీ సంఘాల్లో ఎవరైనా ఉన్నారా?