ఊరికే వస్తే చేదా?

ఆర్డిత్ ప్రూయిట్‌కి ఉన్నది ఒకటే జబ్బు. కాలేజీలో ఊరికే దొరికేది ఏదైనా ఎవరైనా వాడుకోకుండా వదిలేశారని తెలిస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. మామూలు మంట కాదు. ముక్కుపుటాలు ఎగిరిపడేవి, మెడ ఎర్రబడేది, గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు గుండెల మీద గంతులేసేవి.

అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో మాది కోళ్ళ ఫ్యాక్టరీ ఊరు. కాలేజీ ఊరి జనం పన్నులతో నడిచేది. వయసు అడగరు, పాత మార్కులు అడగరు, గుమ్మం ఎక్కినవాళ్ళందరికీ చదువు చెబుతారు. నేనక్కడ లెక్కల మాస్టర్ని. ఆర్డిత్ పార్కింగ్ స్టిక్కర్లు ఇచ్చే కిటికీ వెనక కూర్చునేది. స్టిక్కరు లేకపోతే కారు ఈడ్చుకుపోతారు కాబట్టి ఎంత మొనగాడైనా ఆ కిటికీ ముందుకు రావలసిందే. వచ్చాడా, చచ్చాడే.

"స్టిక్కరు కావాలండీ."

"లెక్కలెలా ఉన్నాయి?"

"పోయాయండీ. నా ట్రక్కుకి స్టిక్కరు..."

"పోయాయా! పైన ట్యూటర్లు ఊరికే చెప్పడానికి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, నువ్వు ఫెయిలై వచ్చి నా మొహం చూస్తున్నావా? ఊరికే వస్తే చేదా నీకు?"

"వెళ్తానండీ. ముందు ఆ స్టిక్కరు..."

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదండీ."

"లేదా! పక్కగదిలో సూపు డబ్బాలు, బియ్యం, చిక్కుళ్ళు పేర్చి పెట్టింది ఎవరి కోసం? నా పెళ్ళికా?"

వెనక వరసలో జనం గొణుగుతూనే ఉండేవారు. ఆ కుర్రాడు చంకలో సూపు డబ్బాలతో, ట్యూటరు దగ్గరికి దారి కనుక్కుంటూ పరుగెత్తేవాడు. స్టిక్కరు సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చేది.

ఆ బెడద విద్యార్థులతో ఆగితే నేనెందుకు కడుపు చించుకుంటాను? ఒకరోజు నన్ను పట్టుకుంది. "ఆ తలేమిటయ్యా, మర్ల్, పిచిక గూడులాగా! కింద మంగలిపని క్లాసులో ఊరికే కత్తిరిస్తున్నారు కదా?" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళి కుర్చీలో పడేసింది. నా తల దక్కిన పిల్ల ఆ వారమే చేరిందట. కత్తెర ఏ చేత్తో పట్టుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. లేచి చూసుకుంటే కుడి చెవి మీద జుట్టుంది, ఎడమవైపు చెవి తప్ప ఏమీ లేదు. ఇంటికెళ్తే మా ఆవిడ నాడీన్ "ఎవరితో గొడవపడ్డావు?" అంది.

మర్నాడు కిటికీ దగ్గరికెళ్ళి నిలదీశాను.

"చూడండి నా తల! ఈ తలతో క్లాసులోకి ఎలా వెళ్ళను?"

"జుట్టుదేముంది, పెరుగుతుంది. ఆ పిల్ల ఎక్కడ నేర్చుకోవాలి మరి? పుచ్చకాయ మీదా?"

"నా తల పుచ్చకాయ కంటే లోకువా?"

"పుచ్చకాయైతే ఇంత గొడవ చెయ్యదు. జరుగు, వెనక జనం ఉన్నారు."

పెద్ద నగరం నుంచి కొత్తగా వచ్చిన ప్రెసిడెంట్ హాలోవెల్ గారినీ వదల్లేదు. "కాలేజీ అంతా మీదే, మీ కారుకి మాత్రం మా పిల్లలు పనికిరారా?" అని నలుగురిలో అడిగేసరికి ఆయన సిగ్గుపడి కారు తాళాలు మెకానిక్కు క్లాసుకి ఇచ్చాడు. కారు తిరిగొచ్చింది. ఆయిలు మారింది, చక్రాలు తళతళలాడుతున్నాయి. కానీ ఎడమవైపు తిప్పినప్పుడల్లా అద్దం మీద వైపర్లు ఆడటం మొదలుపెట్టాయి. ఆయన మండిపడుతూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"వైపర్లు పనిచేస్తున్నాయి కదా, మీ బాధేమిటి?" అంది ఆర్డిత్.

"వాన లేదు కదండీ!"

"వస్తుంది."

ఆ సాయంత్రమే మెకానిక్కు క్లాసు మాస్టారు సరిచేసి పంపాడు. అయినా ఊళ్ళో మా కాలేజీని వెక్కిరించేవాళ్ళకి కొదవ లేదు. "ఎక్కడా సీటు రానివాళ్ళ కాలేజీ" అని బ్యాంకు మేనేజరు ఒకసారి ఆవిడ చెవిన పడేలా అన్నాడు. అలా అన్నందుకు నాక్కూడా ఒళ్ళు మండింది. మా దగ్గర చదివిన నర్సులు సూది వెయ్యకపోతే, మా దగ్గర నేర్చినవాళ్ళు పైపులు అతకకపోతే ఈ పెద్దమనుషుల ఇళ్ళు ఒక్క శీతాకాలం గడుస్తాయా?  ఆర్డిత్ మాత్రం ఆయన నోట్లోకి పరీక్షగా చూసి, "మీ పళ్ళకి గార పట్టింది. పై అంతస్తులో పళ్ళ క్లినిక్కుంది, ఊరికే తీస్తారు, పదండి" అని తనే నడిపించుకెళ్ళింది. పళ్ళు శుభ్రం చెయ్యడం నేర్పే కోర్సు అది. ఆయన్ని పంపాక ఆవిడకి ఊపొచ్చింది. పోస్టుమాన్లు, పోలీసులు, కోళ్ళ ఫ్యాక్టరీ మేస్త్రీలు, చివరికి చర్చి పాస్టరు గారు. "దేవుడి మాట పలికే నోరు అలాగేనా ఉండేది?" అని అడిగితే ఆయన మాత్రం ఏమంటాడు పాపం, వెళ్ళి పడుకుని నోరు తెరిచాడు.

అందరి నోళ్ళూ అయ్యాయి. మరి ఆవిడ నోరు? వసంతంలో కాలేజీ విందు జరిగింది. అందరం మొక్కజొన్న పొత్తులు కొరుక్కు తింటున్నాం. ఆర్డిత్ ఒక్కతే కత్తితో గింజలు ఒలుచుకుని, ఒక పక్కగా, నెమ్మదిగా నములుతోంది. ఏదో జోకుకి నవ్వినప్పుడు చూశాను. లోపలి దవడపళ్ళకి గార రాయిలా గడ్డకట్టి ఉంది! నాకు తిక్క రేగింది. నా చెవి బోడిచేయించిన మనిషికి తన పళ్ళ మీద ఇంత అశ్రద్ధా?

"ఆర్డిత్ గారూ, ఊరందరి నోళ్ళూ తెరిపించారు. మీ నోరెప్పుడు తెరుస్తారు?"

"నా నోరు మూసి ఉండగా నువ్వెప్పుడు చూశావయ్యా?"

"పళ్ళ సంగతి అడుగుతున్నాను. ఊరికే వస్తే చేదా మీకు?"

"నా పళ్ళు, నా ఇష్టం. ఆ వెన్న ఇటు తొయ్యి."

చూశారా దబాయింపు! ఆ వారమంతా కనిపించినవాళ్ళందరికీ చెప్పాను, ఈవిడ చెప్పేది ఒకటి, చేసేది ఒకటి అని.

ఆ పళ్ళ కోర్సులోనే జూనెల్ ఓట్స్ ఉండేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఏళ్ళ తరబడి కోళ్ళ ఫ్యాక్టరీలో కోసిన కోళ్ళు కడుగుతూ చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసింది. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. నా క్లాసులో ఏడ్చి ఏడ్చి లెక్కలు గట్టెక్కి ఆఖరి పరీక్ష దాకా వచ్చింది. ఆ పరీక్షకి ఒక తిరకాసు ఉంది. పళ్ళు శుభ్రం చేసి చూపించడానికి ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ మనిషి దవడపళ్ళకి గట్టి గార ఉండాలి. టీచరు చూసి సరేనంటేనే పరీక్ష. మనిషి దొరక్కపోతే పరీక్ష లేదు, మళ్ళీ ఏడాది ఆగాలి. పక్క ఊరి పళ్ళ డాక్టరు ఆమె కోసం ఉద్యోగం అట్టే పెట్టాడు, కానీ ఏడాది ఆగడుగా. తప్పితే మళ్ళీ ఆ చల్లటి నీళ్ళే.

గార పళ్ళ కోసం జూనెల్ ఊరంతా గాలించింది. ఎవరిని నవ్వమన్నా తళతళలాడే పళ్ళే. అందరినీ ఆర్డిత్ ముందే తోలేసిందాయె! ఆఖరికి కొండల్లో ఉండే భర్త మేనమామ హోయ్ట్ దొరికాడు. పళ్ళ బ్రష్షుతో పరిచయమే లేని పుణ్యాత్ముడు. పీకన్ పప్పులు పోసి కాల్చే తీపి రొట్టె, పీకన్ పై, చేసి పెడతానంటే వస్తానన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్న మెట్ల మీద జూనెల్ కనిపించింది. తెల్లకోటు వేసుకుని, ఒళ్ళో ఆ పీకన్ పై గిన్నె పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"హోయ్ట్ మామ రాలేదు సార్. టర్కీకోళ్ళ వేట మొదలైందని తెల్లారకుండానే అడవికి పోయాడట. ఫోను కూడా ఇంట్లోనే పడేసి పోయాడు. ఇంకాసేపట్లో తలుపులు వేసేస్తారు. అయిపోయింది సార్, నా పని అయిపోయింది."

నాకు నషాళానికి అంటింది. హోయ్ట్‌ని తిట్టాను, టర్కీకోళ్ళని తిట్టాను, అవి చాలక కిటికీ దగ్గరికి ఉరికాను.

"అంతా మీ వల్లే! ఊళ్ళో ఒక్క గార నోరైనా మిగిల్చారా? జూనెల్ మనిషి రాలేదు. ఆ పిల్ల మళ్ళీ ఫ్యాక్టరీకి పోతుంది. ఇప్పుడు సంతోషమేనా?"

ఆర్డిత్ నా మొహంలోకి చూసింది. కిటికీ రెక్క ధడాలున దించింది. వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. చేతిసంచీ తీసుకుని, "జరుగు, అడ్డం నిలబడకు" అంటూ మెట్లెక్కి, జూనెల్ దగ్గర ఆగింది.

"లేమ్మా. ఏడుపు తర్వాత. నా నోరుంది, పద."

క్లినిక్కులో టీచరమ్మ ఆర్డిత్‌ని కుర్చీలో పడుకోబెట్టి, చిన్న అద్దం లోపల పెట్టి చూసింది. ఆమె మొహం విప్పారిపోయింది. "ఆహా!" అంది. "ఇటు రండర్రా, చూడండి, ఇంత మంచి గార చూసి ఎన్నాళ్ళయిందో!" మిగతా పిల్లలందరూ మూగారు. జూనెల్‌కి పరీక్ష ఖాయమైంది.

ఎక్స్‌రేల కోసం ఎదురుచూస్తుంటే ఆర్డిత్‌ని అడిగాను.

"ఇదేమిటండీ? కావాలని ఉంచుకున్నారా?"

"మరి లేకపోతే? ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక దద్దమ్మ పరీక్షకి రాకుండా ఎగ్గొడతాడు. ఒక నోరైనా సిద్ధంగా ఉండద్దూ? కిందటేడు అందరూ వచ్చి చచ్చారు, అంతకు ముందేడూ అంతే. అందుకే ఇంత పేరుకుంది."

"చిగుళ్ళు నొప్పి లేవా?"

"నొప్పి లేకుండా ఎలా ఉంటుందయ్యా? నేనేమైనా రాయినా, మనిషిని కానూ?" అని కసిరింది.

సాయంత్రం జూనెల్ పాసై కిందికొచ్చింది. ముందు ఆర్డిత్ మెడకి, తర్వాత పొరపాటున నా మెడకి వేలాడింది. ఆర్డిత్‌కి చిగుళ్ళకిచ్చిన మత్తు ఇంకా దిగలేదు. మూతి ఒక పక్కకి జారింది, లోపల పళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఆ వంకర మూతితో పీకన్ పైలో సగం ఆవిడే లాగించింది.  నా వంతు ముక్క మింగి చెప్పాను.

"మీవి శుభ్రమైపోయాయి కదా. వచ్చే ఏడాదికి ఇంకో నోరు కావద్దూ? సోమవారం నేను పళ్ళు శుభ్రం చేయించుకోడానికి క్లినిక్కుకి వెళ్ళాల్సి ఉంది. మానేస్తున్నాను."

ముక్కుపుటాలు ఎగిరిపడ్డాయి. మెడ ఎర్రబడింది. ఊరికే వచ్చేది వదులుకుంటానన్న మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని ఏమీ అనలేక ఆవిడ పడ్డ యాతన చూడాలి. ఆఖరికి దగ్గరికొచ్చి, చెవిలో గుసగుసగా అంది.

"ముందుపళ్ళు బాగా తోముకో, నాడీన్ చూడాలి కదా. దవడపళ్ళ లోపలి వైపు మాత్రం ముట్టుకోకు. పిల్లలకి కావలసింది అక్కడే."