పడేసే ముందు చెప్పే జత

మీకు మా శవాలే కావాలి. కాదనకండి. కువైట్ నుంచి పెట్టె దిగితే చదువుతారు, ఫొటో చూస్తారు, నలుగురికీ పంపుతారు, ‘పాపం’ అంటారు. బతికుండగా ఆ మనిషి ఇక్కడ ఏం చేసేవాడని అడిగితే మాత్రం ‘ఏదో పనంట’ అని తేల్చేస్తారు. అందుకే ఈ వార్త మీకు చప్పగా ఉంటుందని ముందే చెప్తున్నాను. మా హాల్లో స్కీలు బాగుచేసిన అన్న పోయిన వారం కన్నుమూశాడు. జగిత్యాల దగ్గర తన ఊళ్లో, తన ఇంట్లో, తను ఏరికోరి ఎంచుకున్న మంచం మీద, పొద్దున చాయ్ తాగాక. పెట్టె లేదు. కార్గో గేటు దగ్గర ఎదురుచూపుల్లేవు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ‘హమ్మయ్య’ అన్నాను. చావు కబురుకు హమ్మయ్య ఏంటని ముఖం చిట్లించేవాళ్లు ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

అవును, స్కీలే. కువైట్‌లోనే. నవ్వడం అయ్యాక చదవండి. ఎగైలా వైపు ఒక మాల్‌లో, బట్టల దుకాణాల పైన, మంచు హాలు ఉంది. మిషన్లు మంచు చేస్తాయి. పెద్ద వాలు ఒకటి, పిల్లలకు చిన్న వాలు ఒకటి. బయట తారు మెత్తబడే ఎండ కాస్తుంటే లోపల మేం ఉన్ని టోపీలు పెట్టుకుని ముక్కులు తుడుచుకుంటూ పనిచేస్తాం. నాది అద్దె కౌంటరు. బూటు సైజు అడిగి స్కీల జత చేతికివ్వడం నా పని. కాలికొకటి చొప్పున పొడుగాటి పలకలు అవి, ముందు కొన పైకి వంగి ఉంటుంది, మధ్యలో బూటును పట్టుకునే బిగింపు ఉంటుంది. వాటి మీద నిలబడి మంచులో కిందికి జారాలి. పడ్డప్పుడు ఆ బిగింపు బూటును వదిలెయ్యాలి. వదలకపోతే కాలు విరుగుతుంది.

మా అన్న ఉద్యోగమంతా ఆ వదలడం గురించే.

ఈ దేశానికి ఆయన కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్‌గా వచ్చాడు. తర్వాత మా హాల్లో పారతో మంచు ఎత్తాడు, ఆ తర్వాత రిపేరు గదికి మారాడు. ఏటా చలికాలం సెలవులకు ముందు రకరకాల కంపెనీల శాంపిల్ జతలు వచ్చేవి. ఏది కొనాలో తేల్చాలంటే ఒక్కోదాన్నీ వాలు మీదికి తీసుకెళ్లి జారి చూడాలి. నేర్పే మాస్టర్లూ జారేవాళ్లు, వాళ్లకు వేగం కావాలి, మలుపు కావాలి. పడి చూసే పని మాత్రం అన్నది. కావాలని పడేవాడు. ఎడమకు, కుడికి, వెనక్కి. పడి అలాగే పడుకుని, బూటు వదిలిందా లేదా అని తల తిప్పి చూసుకునేవాడు. రెయిలింగ్ దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

ఇంకో అలవాటు ఉండేది. ఒక కొత్త జత చూసి వెంటనే ఇంకో కొత్త జత ఎక్కేవాడు కాదు. మధ్యలో ఒకసారి తన పాత జత మీద జారాలి. రంగు పోయి, కొనలు చిట్లిన జత అది. ఎందుకు టైం దండగ అని మేనేజర్ అరిచేవాడు. “నోరు పుక్కిలించకుంట ఇంకో కూర రుచి జూస్తమా?” అని అన్న నాతో తెలుగులో అని, ఆయనకు మాత్రం “యస్ సార్” అని, మళ్లీ పాత జతే ఎక్కేవాడు.

ఆయన తీర్పులు నేను కౌంటర్ దగ్గరే వినేదాన్ని.

“నల్లది ఎట్లుంది న్నా?”

“మొండిది చెల్లె. మనం మలిగినంక ఆలోచన చేస్తది.”

“నీలిది?”

“మంచిగ నవ్వుకుంట వస్తది. నడుమల చెయ్యి ఇడ్సిపెడ్తది. మన మేనేజరే.”

“మరి ఎర్రది?”

“అది నీ లెక్క. ముట్టుకుంటెనే లేస్తది.”

“నోరు మూసుకోన్నా, కస్టమర్లు వస్తాండారు.”

“సూడు, మల్ల లేసింది!”

పడేసే జత చెడ్డదని ఆయన ఎప్పుడూ అనలేదు. “అన్నీ పడేస్తయి చెల్లె. పడేసే ముందు కాళ్ల కింద గిలగిల అని చెప్తది సూడు, పోరలకు గదే ఇయ్యి. చెప్పకుంట పడేసేదాన్ని నమ్మకు.” ఈ మాట మీరు ఫ్రేమ్ కట్టించుకునేలోపే ఇంకోటి చెప్పాలి. ఆయన చెప్పినవన్నీ నిజం కాలేదు. ఒక ఏడు ఆయన తెగ మెచ్చిన జతలకు రంజాన్ రాకముందే అంచులు ఊడిపోయాయి. “నన్నే మోసం జేసినయి” అని అలిగి, చాలా రోజులు వాటిని వేరేవాళ్లతోనే బాగుచేయించాడు. మహానుభావుణ్ని చేసి కూర్చోబెట్టకండి. మనిషి.

ఆ మనిషికి ఆయాసం మొదలైంది. సబా అల్ సలేంలో వాళ్ల రూముకు మెట్లెక్కాలంటే మధ్యలో కూర్చునేవాడు. డాక్టరు చూసి, గుండె బలహీనంగా ఉంది, చలిలో పని మానాలి, ఇంటికెళ్లి వైద్యం చేయించుకో అన్నాడు. అన్న సెలవు అడిగాడు. మేనేజర్ “సీజన్ తర్వాత” అన్నాడు. ఆ సీజన్ అయ్యాక “కొత్త మనిషి దొరికాక” అన్నాడు. మళ్లీ సీజన్ వచ్చింది. పాస్‌పోర్టు మా దగ్గర ఉంచుకోవాలని చట్టమే చెప్తుంది, అది మాత్రం ఆఫీసు బీరువాలో ఉంటుంది. బాగుచేసిన జతల బిగింపులు చూడ్డానికి అన్న పడుతూనే ఉన్నాడు, ఎడమకు, కుడికి, వెనక్కి. పడ్డ ప్రతిసారీ లేవడానికి అంతకు ముందుకన్నా ఎక్కువసేపు పట్టేది. కౌంటర్ వెనక నిలబడి నేను చూస్తున్నది ఒకటే. ఈసారి లేస్తాడా?

ఆఫీసుకెళ్లి అడిగాను, నా హిందీలో.

“సీజన్ కే బాద్, ఇన్షాల్లా” అన్నాడు మేనేజర్.

“గుండెకు తెలుస్తుందా సార్, సీజన్ ఎప్పుడు అయిపోతుందో?”

నోరు అదుపులో పెట్టుకోమని నాకు హెచ్చరిక వచ్చింది. రాయబారులనీ సంఘాలనీ పెద్దమనుషులనీ నాకు తెలిసిన తలుపులన్నీ తట్టాను. అందరూ సానుభూతిగా తలలూపారు. అన్న నన్నే కోప్పడ్డాడు. “అర్వకు చెల్లె. నీ నౌకరి బోతే నేను బాగుజేసిన జతలు ఎవలిస్తరు?”

అప్పుడు దసరా వచ్చింది. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడున్నా ఆరోజు పనిముట్లకు బొట్టు పెట్టకుండా ఉండరు. అన్న ఏటా రిపేరు గదిలో ఆకురాయికి, పట్టుకారుకు, స్కీల అడుగుకు రాసే మైనం కరిగించే ఇస్త్రీపెట్టెకు పసుపు పూసి కుంకుమ పెట్టేవాడు. నేను ఏటా పోట్లాడేదాన్ని. నాకు పూజలు పడవు, ఆ సంగతీ ముందే చెప్తున్నాను.

“మనిషికి సెలవు లేదు, ఇస్త్రీపెట్టెకు పండగా న్నా?”

“మనిషికి ఎట్లాగు లేదాయె. గీ ఇస్త్రీపెట్టెకన్న ఉండనియ్యి.”

ఆ ఏడాది శాంపిల్స్ అప్పుడే దిగాయి. మర్నాడు వాటి మీద జారాలి కదా అని, వాటికీ బొట్టు పెట్టాడు. పైన పసుపు, కుంకుమ. మంచును తాకేది అడుగే కదా, అసలు పని చేసేది అదే కదా అని, అడుగున కూడా వెడల్పుగా కుంకుమ మెత్తాడు. తుడవాలని ఆయనకు తట్టలేదు. పట్టుకారుకు పెట్టిన బొట్టు ఇన్నేళ్లలో ఎవరినీ భయపెట్టలేదు మరి.

మర్నాడు పొద్దున్నే చిలకపచ్చ జతతో మొదలుపెట్టాడు. పైనుంచి జారాడు. సగం దూరంలో ఎప్పటిలాగే కావాలని పడ్డాడు. పడి, అలాగే పడుకున్నాడు. ఆయన వెనక తెల్లటి మంచు మీద పైదాకా ఎర్రటి చారలు.

రెయిలింగ్ దగ్గర ఒకావిడ రక్తం, రక్తం అని అరబ్బీలో కేక పెట్టింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆవిడ ఇంట్లో పనిచేసే గోదావరి అమ్మాయి ఒక్కతే దాన్ని గుర్తుపట్టింది. తను మామా అని పిలిచే ఆ యజమానురాలితో, కంగారులో ఏ భాషలో మాట్లాడుతోందో చూసుకోకుండా “రక్తం కాదండి మామా, కుంకుమండి! మా కుంకుమేనండి!” అని మొత్తుకుంది. ఎవరికి అర్థమవుతుంది? నాకు అర్థం కావాల్సిన మాటే, కానీ చెవికెక్కలేదు. అయిపోయింది, అన్న అయిపోయాడు అనుకున్నాను. చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను, జారి ఆయన పక్కనే కూలబడ్డాను.

ఆయన ఒక కన్ను తెరిచాడు.

“నువ్వెందుకొచ్చినవ్? బూటు ఇడ్సిందా లేదా సూస్తున్న.”

“నీ బూటు మన్నైపోను! వెనక్కి చూడు న్నా!”

చూశాడు. నాలుక కరుచుకున్నాడు. తర్వాత, పడుకున్నచోటి నుంచే, “గని ఇది మంచి జత చెల్లె. పడేసే ముందు చెప్పింది” అన్నాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలీదు.

హాలు ఖాళీ చేయించారు. ఎవరో ఫోన్లో తీశారు. మంచు మీద రక్తమనే మాట మాల్ దాటేలోపు మనిషినే దేశం దాటించాలని మేనేజర్ తొందర. ముఖం కందగడ్డలా పెట్టుకుని “ఖలాస్! యల్లా, ఘర్ జావ్!” అని, ఇక చాలు ఇంటికి పొమ్మని అరిచాడు. రెండు సీజన్లుగా తెరుచుకోని బీరువా మధ్యాహ్నానికల్లా తెరుచుకుంది. పాస్‌పోర్టు అన్న చేతిలో పడింది. శిక్ష వేశాననుకున్నాడు ఆ మేనేజరు. అన్న రిపేరు గదిలో స్టూలు మీద కూర్చుని పాస్‌పోర్టులో తన పాత ఫొటో చూసుకుంటూ, “గప్పుడు జుట్టుండె” అన్నాడు.

అంతా అమ్మవారి మహిమ అన్నారు ఆయన రూమువాళ్లు. మీరూ అదే అంటారు, నాకు తెలుసు. ఒప్పుకోను. బొట్టుకు అంత శక్తి ఉంటే సెలవు అడిగిన మొదటి రోజే పనిచేసేది. ఆయన్ని ఇంటికి పంపింది ఒక మేనేజర్ భయం, ఒక మేనేజర్ కోపం. ఒక జబ్బుమనిషి ప్రాణం ఇంకో మనిషి చిరాకు మీద ఆధారపడటాన్ని మీరు మహిమ అంటే, నేను అన్యాయం అంటాను. మంచే జరిగింది కదా అంటారా? జరిగింది. నాకూ గుండె నిండా ఊపిరి ఆడింది. అయినా అన్యాయమే.

ఈ వాదన నేను ఆయనతో విమానాశ్రయం దాకా చేశాను. ఆయన వినలేదు. సామాను బండ్లు చూస్తున్నాడు. ఒకటి తోసి చూసి “ఎడమకు గుంజుతది” అని వదిలేశాడు. ఇంకోటి తోసి, మళ్లీ మొదటిది తోసి, మూడోది తీసుకున్నాడు. లోపలికి వెళ్లే ముందు నా వైపు తిరిగి, “గుండె గుడ మంచిదే చెల్లె. ముందుగాల చెప్పింది” అన్నాడు.

ఇంటికెళ్లాక వైద్యం జరిగింది, కొంత తేరుకున్నాడు. డాక్టర్లు చెప్పిన గడువు కన్నా ఎక్కువే బతికాడు. ఫోన్ చేస్తే నేను మామూలుగా ఈ దేశాన్ని తిట్టడం మొదలుపెట్టేదాన్ని, ఆయన మంచాల గురించి చెప్పేవాడు.

“ఏం చేస్తాండావు న్నా?”

“మంచాలు సూస్తున్న. నవారుది మంచిదా, ప్లాస్టిక్ పట్టీదా అని.”

వెనక నుంచి వదిన గొంతు. “ఒకరోజు దాని మీద, ఒకరోజు దీని మీద, నడుమ ఒకరోజు కింద నేల మీద పంటుండు! పిచ్చిలేసిందా ఏంది, జెర నువ్వన్న జెప్పు!”

నేనేం చెప్తాను? నోరు పుక్కిలించుకుంటున్నాడు.

పోయిన వారం వదినే ఫోన్ చేసింది. “నవారుదే మంచిదన్నడు. చాయ్ తాగి ఒరిగిండు. గంతే.” తర్వాత ఆమె అంది, “మొఖం సూస్కుంట ఏడ్సినం. చెయ్యి పట్టుకొని ఏడ్సినం. గది సాలు.”

అది చాలు అని ఆమె అనొచ్చు. నేను అనను. నాకు కావలసినవి ఇవి:

పాస్‌పోర్టు ఎవరిదైతే వాళ్ల జేబులోనే ఉండాలి.

ఒంట్లో బాగాలేదన్న మనిషిని సీజన్ చూడకుండా ఇంటికి పంపాలి. ఎవరికో కోపం వచ్చేదాకా ఆగకూడదు.

మంచులో పడి చూసే పని చేసేవాళ్లకు ఏటా గుండె పరీక్ష చేయించాలి, వాలు పక్కన ఒక కుర్చీ వెయ్యాలి.

గల్ఫ్ నుంచి తన కాళ్ల మీద నడిచొచ్చిన మనిషి ఎదురైతే ఏం తెచ్చావని అడక్కండి. అక్కడ ఏం పని చేశావని అడగండి, చెప్పేదాకా వినండి.

ఇది మహిమల కథగా ఎవరికీ చెప్పకండి.

చిలకపచ్చ జతను తోమకండి. పసుపు మరక పోలేదని కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోలేదు, అది మా దగ్గరే ఉంది. చిన్న వాలుకు అదే ఇస్తున్నాను. పిల్లలు పైన నిలబడి జారడం మొదలుపెడతారు, సగం దూరంలో ఆ పసుపు కొనలు గిలగిలలాడతాయి, పిల్లలు చేతులు చాపుతారు, అప్పుడు మెల్లగా పడతారు. బూటు వదిలిందా లేదా అని నేను చూస్తాను.