గుండు మీద నిలవని హెల్మెట్

మొన్న మా కోడలు స్కూటీకి హెల్మెట్ కొనుక్కుంటానంటే తోడుగా నేనూ కరీంనగర్ బజారుకు వెళ్ళాను. దుకాణాయన నాలుగైదు తీసి ముందు పెట్టి, అద్దం తెల్లది కావాలా నల్లది కావాలా అని అడిగాడు. కోడలు తెల్లదే అంది. నేను మాత్రం అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. ఎండదెబ్బేమో అనుకుని పాపం ఆ పిల్ల సోడా తెప్పించింది. ముప్ఫై ఏళ్ళ కింద ఇదే ఊళ్ళో ఇదే ప్రశ్నకు నేనొక జవాబు చెప్పానని దానికేం తెలుసు?

తొంభైల మొదట్లో మేము ఆదిలాబాద్‌లో ఉండేవాళ్ళం. మా వారిది కరెంటాఫీసులో నౌకరీ. లక్సెట్టిపేట బడిలో ఆయనతో కలిసి చదువుకున్న స్నేహితుడొకరు మిలటరీ విమానాల దగ్గర పనిచేసి రిటైరై వచ్చి, గుడ్డ రెక్కలూ, వెనకాల ఒక ఇంజనూ, రెండు సీట్లూ తప్ప చుట్టూ గోడంటూ లేని బుల్లి విమానమొకటి సంపాదించి, ఊరవతల నిజాం కాలం నాటి మైదానంలో ఆదివారాలు సరదాగా ఎగరేస్తుండేవారు. మా వారు మొదట చూడ్డానికి వెళ్ళారు, తర్వాత వెనక సీట్లో కూర్చున్నారు, చివరికి నేర్చుకోవడమే మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి వచ్చినప్పటి ముఖం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. నాకేమో ఆయన వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా చూపు వీధి గుమ్మం మీదే. వద్దని చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, ఆ ముఖం చూసి అన్నిసార్లూ మింగేశాను.

ఒక్కరే ఎగిరే రోజు దగ్గర పడుతుంటే సొంత హెల్మెట్ కావలసి వచ్చింది. ఆదిలాబాద్‌లో అప్పుడవి దొరికేవి కావు. నేను పుట్టింటికి కరీంనగర్ వెళ్తున్నాను కనక ఆ పని నా మీద పడింది. ఆయనది గుబురు జుట్టు, దువ్వెన విరిగేంత ఒత్తు. నిద్రపోతుంటే రవికల టేపుతో తల చుట్టూ కొలిచి కాగితం మీద రాసుకున్నాను. దుకాణంలో ఉన్న ముసలి సాయెబు గారు ఆ కాగితం చూసి నవ్వి, మంచిగా చెప్పారు.

"బేటీ, టోపీ బిగువుగ ఉండాలె. చెంపలు జర నొక్కుకుపోవాలె. వదులుగుంటే ఉండి ఫాయిదా లేదు."

ఆయన మాట ప్రకారం బిగువైనదే తీసుకున్నాను. అద్దాల దగ్గర మాత్రం నా బుద్ధి గడ్డి తిన్నది. తెల్లది, లేత పొగరంగుది, కటిక నల్లది మూడూ ఉన్నాయి. పొద్దు వాలితే నల్లదానిలో ఏమీ కానరాదని సాయెబు గారు చెబుతూనే ఉన్నారు. మన ఎండలు మీకు తెలియనివి కావు కదా, ఆయన కళ్ళల్లో ఎండ కొడితే ఏమవుతుందోనన్న భయంలో నేను నల్లదే పట్టుకొచ్చాను. హెల్మెట్ ఆయన తలకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

ఇంతలో సంగతి మా అత్తమ్మ చెవిన పడింది. ఆమె ఏడవలేదు, అరవలేదు, వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చి వస్తే గానీ ఒంటరిగా ఎక్కనిచ్చేది లేదని అన్నం మానేసి కూర్చుంది. మా వారు అంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదేమో, సంబరంగా బస్సెక్కి వెళ్ళి, శనివారానికల్లా నున్నటి గుండుతో, గంధం పూసుకుని దిగారు. ఆ గుండు చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. హెల్మెట్ తెచ్చి పెట్టి చూస్తే కుండ మీద మూకుడు తిరిగినట్టు తిరుగుతోంది.

వారం పది రోజులు ఆగవచ్చు కదా అంటారేమో, ఆ సోమవారమే విమానాన్ని మరమ్మతుకు నాగపూర్ తీసుకెళ్తున్నారు. మర్నాడు మైదానంలో హెల్మెట్ మరొకసారి పెట్టి చూశాను.

"గిది తిరుగుతుంది, జర ఆగుండ్రి," అన్నాను.

"ఏం గాదు, ఫికర్ చెయ్యకు," అన్నారాయన. లోపల ముఖం తుడుచుకునే దస్తీలు రెండు కుక్కి, పట్టీ ఇంకో రంధ్రం బిగించాను. అంతకన్నా నా చేతిలో ఏముంది?

బాగానే పైకి లేచారు. రెండు చుట్లు తిరిగారు. పొద్దు వాలే వేళ దిగబోతుండగా ఎదురుగాలికి దస్తీలు జారి హెల్మెట్ ముందుకు వాలిందట, ఆ నల్లద్దం ఒక వంక, నుదుటి అంచు ఇంకో వంక కళ్ళను మూసేశాయట. రెండు చేతులూ నడిపే కడ్డీ మీదే ఉన్నాయి, ఏ చేత్తో సర్దుకుంటారు? మాకు కింది నుంచి కనిపించిందల్లా విమానం దారి తప్పి పక్కనున్న పత్తి చేనులో పడడమే. నేను చేనుకు అడ్డంపడి పరుగెత్తాను. ఆయనకు భుజం ఎముక విరిగింది, ప్రాణానికేం కాలేదు.

"రాజన్ననే కాపాడిండు బిడ్డా," అంది అత్తమ్మ ఆస్పత్రిలో, ఆ గుండు నిమురుతూ. ఆ గుండు వల్లే హెల్మెట్ జారిందని ఆమెకు ఎవరు చెబుతారు? మా వారు నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. ఇంక జన్మలో ఎక్కనని అత్తమ్మ ఆయన చేత తన తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. దాచుకోవడమెందుకు, నాకు లోలోపల ఎంతో హాయిగా అనిపించింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన ఇరుగుపొరుగు వాళ్ళ మిక్సీలు బాగుచేస్తూ గడిపారు. నన్ను గానీ వాళ్ళ అమ్మను గానీ ఒక్క మాట అనలేదు. అయిదేళ్ళకు అత్తమ్మ పోయింది. ఆ మరుసటి ఏడు స్నేహితుడు ఉత్తరం రాశారు, కొత్త విమానం వచ్చింది, ఒకసారి వచ్చి ఎక్కిపొమ్మని. ఒట్టు వేయించుకున్న మనిషే లేదు. ఆ ఉత్తరాన్ని ఆయన నేను కూరగాయలు కోసుకునే బల్ల మీద పెట్టారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. నేను చదివాను, చదవనట్టే పక్కకు జరిపి బెండకాయలు కోసుకున్నాను. మూడో రోజు ఆయనే తీసి, పని తెమలడం లేదని జవాబు రాసేశారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటి ఆడపిల్లలు వద్దనుకుంటే వద్దని, పొమ్మనాలనుకుంటే పొమ్మని మొగుడి ముఖం మీదే చెప్పేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. మన కాలంలో నోరు మూసుకుని ఉండడమే మంచితనమనుకున్నాం. మొదట్లో వద్దనలేకపోయినందుకు నాకిప్పుడు పెద్దగా బాధ లేదు. ఉత్తరం బల్ల మీదున్న ఆ రెండు రోజుల్లో ఎప్పుడైనా ఒకసారి, పోయి రాండ్రి అని అని ఉంటే ఆయన వెళ్ళేవారు.