అడగడం నేర్పిన దుబాసీ తాత

మా దుబాసీ తాత పోయాడని నాకు సంతలో తెలిసింది. వేసవి సెలవులు గడిపి విశాఖపట్నం నుంచి ఆ ముందురోజే కొండెక్కాను. ఉప్పు కొట్టు సావుకారు మానిక నింపుతూ, ఎండ గురించి మాట్లాడినంత మామూలుగా, "మీ దుబాసోడు పోనాడు పంతులమ్మగోరూ. జొరం. ఎనిమిది రోజులైపోనాది," అన్నాడు. ఉప్పు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. తాతతో చెప్పాల్సిన మాట ఒకటి ఘాటీ పొడుగునా బండిలో కూర్చుని కూడబలుక్కుంటూ వచ్చాను. అది నోట్లోనే ఉండిపోయింది.

ఆయన చదువుకున్నవాడు కాదు. వయసులో ఉండగా సర్వే దొర దగ్గర కొలత గొలుసు మోశాడు. ఆ తిరుగుడులో తెలుగూ ఒరియా పట్టుబడ్డాయి. తన కొండభాష ఎలాగూ ఉంది. నేను మద్రాసులో బి.ఏ. చదివి, ఈ అరకు కొండల్లో మిషను బడికి టీచరుగా వచ్చి, ఆరు నెలలకే ఏమీ తోచక గోడలు గీరుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు మా కాలేజీ దొరసాని ఉత్తరం రాసింది: పిల్లలకు జ్వరమొస్తే కొండ తల్లులు ఏం చేస్తారో స్వయంగా విచారించి ఒక వ్యాసం రాయి, బాగుంటే పై చదువుకు సీటు ఇప్పిస్తానని. నాకు రెక్కలొచ్చినట్టయింది. నలభై ప్రశ్నలు రాసుకుని, నా మాట వాళ్ళకూ వాళ్ళ మాట నాకూ చెప్పే దుబాసీగా తాతను కుదుర్చుకుని, శని ఆదివారాల్లో ఊళ్ళ మీద పడ్డాను.

మూడు ఊళ్ళు తిరిగేసరికి నోటుబుక్కు నిండింది. మిరియాల కషాయం పడతారా? ఆఁ. కోడిని మొక్కుతారా? ఆఁ. ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తారా? ఆఁ. ఒక్క తల్లీ కాదనలేదు. ఇంత ఏకాభిప్రాయం ఏ పుస్తకంలోనూ చూడలేదని నేను మురిసిపోతుంటే, తాత గెడ్డ ఒడ్డున కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ నవ్వాడు.

"రేపు ఇంకోటడుగు గుంటా. జొరానికి సున్నం తాగిస్తారా అని."

"సున్నమా? చచ్చిపోరూ?"

"నువ్వడుగు, నాను సెప్తాను."

మర్నాడు అడిగాను. నాకు అప్పుడే ఆకుదొన్నెలో అంబలి పోసిన ఆ ఇల్లాలు, చంకలో బిడ్డను సర్దుకుంటూ, నా ముఖం కేసి ఎంతో మర్యాదగా చూసి, "ఆఁ" అంది.

దారిలో ఆయన చెప్పాడు. ఆ ఊళ్ళలో ఒక ఆచారముందట: తమ ఇంట అంబలి ముట్టిన అతిథి మాటను ఆ రోజు పొద్దుగూకేదాకా కాదనకూడదు. నేనేమో ఏ గడప తొక్కినా ముందు అంబలి తాగి, ఆ తరవాత నోటుబుక్కు తీసేదాన్ని.

"ముందే చెప్పొచ్చుగా తాతా!"

"సెప్దామనే అనుకున్నాను. నువ్వేమో మా సరదాగా రాసుకుంటన్నావు."

ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలు, పిల్లలందరూ చూస్తుండగా ఆ నోటుబుక్కు బడి పొయ్యిలో పెట్టాను. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి గురువు ఆయనే. ఇంట్లో అడగవద్దు, పొలంలో అడుగు, ఆళ్ళతో పాటు కలుపు తీస్తా అడుగు, అనేవాడు. జవాబు లోపల పెట్టుకున్న ప్రశ్న అడగొద్దనేవాడు. "గొలుసు ఈ కొసనుంచి ఓపాలి, ఆ కొసనుంచి ఓపాలి లాగాల. రెండూ కలిస్తేనే దొర పుస్తకంలోకి ఎక్కించీవోడు." సాయంత్రం నేను రాసింది చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో వేలెత్తేవాడు. "ఇది ఆళ్ళన్నారా, నువ్వన్నావా?" మూడొంతులు నేనన్నవే ఉండేవి. సిగ్గుపడి కొట్టేసేదాన్ని. ఏమీ తెలియని చోట ఖాళీ వదలాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. "తెల్దని రాసీ. కాయితం ఏడవదు," అనేవాడు.

కాలేజీలో నాలుగేళ్ళు ఇంగ్లీషు పుస్తకాలు బట్టీపట్టాను. చదువంటే జవాబులు పోగెయ్యడమనే అనుకున్నాను. వాటిని ఎవరినుంచి, ఏ పని చేస్తుండగా, ఏ మొహమాటంలో రాబట్టుకున్నామో చూసుకోవాలని వేలిముద్ర వేసే నిశానీదారు ఒకడు నేర్పాడు.

ఆయన్ను నేను మెచ్చుకున్నట్టే రాస్తున్నాను గాని, ఆఖరిసారి కలిసినప్పుడు అన్న మాటలు కూడా రాయాలి. వేసవికి ముందు దొరసాని మళ్ళీ రాసింది, కాలేజీ తెరిచేలోగా వ్యాసం రాకపోతే సీటు ఇంకొకరికి పోతుందని. ఇంకా రెండు ఊళ్ళు మిగిలాయి. "ఆ తల్లులు ఏమంటారో నీకు తెలుసుగా తాతా, నువ్వే చెప్పెయ్యి, రాసేస్తాను," అన్నాను.

"ఆళ్ళ నోరు నాకాడ నేదు," అన్నాడు.

బతిమాలాను. కదల్లేదు. అప్పుడు అన్నాను: "నీకేం, చదువురాని ముసలాడివి. నీ గొలుసు కొసలు పట్టుకుని నేనీ కొండల్లోనే కుళ్ళిపోవాలా?" ఆయన కంబళి దులిపి భుజాన వేసుకుని, "ఎల్లొస్తాను పంతులమ్మా," అన్నాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు గుంటా అని పిలిచే ఆయన నన్ను పంతులమ్మా అనడం అదే మొదలు.

ఆ రెండు ఊళ్ళ జవాబులూ నేనే కల్పించి రాసుకుని విశాఖపట్నం వెళ్ళాను. మూడుసార్లు తపాలా కచేరీ మెట్లెక్కాను, మూడుసార్లూ కవరు చేతిలో పట్టుకునే దిగాను. కల్పించిన పేజీలు చింపేసి, సీటు వద్దని దొరసానికి రాశాను. తాతతో చెప్పాలనుకున్న మాట ఇదే: పంపలేదు తాతా.

సంతనుంచి తిన్నగా వాళ్ళ ఊరు నడిచాను. తాత భార్య, అవ్వ, వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. ఆమెకు తెలుగు కొద్దిగానే వచ్చు. నాకు ఆమె భాష అంతకన్నా కొద్దిగా వచ్చు. మా మధ్య మాట చేరవేసే మనిషే లేడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, దొన్నెలో అంబలి పోసింది. మూడు మైళ్ళు ఎండలో నడిచి వచ్చానేమో, గటగటా తాగేశాను. తాగి, ఆపుకోలేక అడిగాను.

"అవ్వా, తాత నన్ను క్షమించాడా?"

"ఆఁ," అంది ప్రేమగా.

గుండె మీదినుంచి బరువు దిగినట్టే అయింది. అంతలో చేతిలో ఖాళీ దొన్నె కనబడింది. పొద్దు ఇంకా గూకలేదు. అయినా ఊరుకోలేక, రెండో కొసనుంచి కూడా అడిగాను.

"నా మీద కోపంతోనే పోయాడా?"

"ఆఁ," అంది అవ్వ, అంతే ప్రేమగా.

అప్పటినుంచీ శనివారాలు అక్కడికే పోతున్నాను. కడుపు నిండా తిని బయలుదేరుతాను, అక్కడ ఏమీ ముట్టను. అవ్వకు అది కొంచెం కష్టంగానే ఉంది, తెలుస్తూనే ఉంది. పంపలేదన్న మాట ఆమె భాషలో కూడగట్టుకుని చెప్పాను. విని తలూపింది. ఎంత అర్థమైందో తెలియదు. నేను ఇంకేమీ అడగను. తనంతట తను ఆయన ఆఖరి రోజుల మాట ఎత్తితే వింటాను. ఇంతవరకు ఎత్తలేదు. మొన్న వాన పట్టుకుంటే చింతపండు చాటను చూరు కిందికి లాగి, సగం నా ఒళ్ళోకి జరిపింది. ఎదురుగా కొండ మబ్బులోకి పోయింది. ఇద్దరం తల వంచుకుని పులుపంటిన వేళ్ళతో గింజలు తీస్తూ కూర్చున్నాం.