మా నాయనమ్మ విస్తరి ముందు నుంచి లేవలేదు

నా చిన్నప్పుడు మా వైపు మగవాళ్ళకు ఒక రోగం ఉండేది. ఇప్పుడూ ఉంది, పోలేదు. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ సెంటర్లో చూసినా దాని పేరు ఫ్లెక్సీల మీద రాసి, పక్కన మీసం మెలేసిన బొమ్మ పెడతారు. పౌరుషం అంటారు దాన్ని. ఆ మాట వింటే నాకు పాచిపోయిన కూర మీద మూత తీసినట్టుంటుంది. ఒకడు ఒక మాట అంటాడు, ఇంకొకడు లేస్తాడు. ఈ మాటంటే వీడు లేస్తాడని అన్నవాడికి తెలుసు. తనను లేపారని మాత్రం లేచినవాడికి తెలియదు. తనంతట తానే లేచాననుకుంటాడు, వెర్రిబాగులవాడు.

ఈ సంగతి నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మా నాయనమ్మ చూపించింది, గోంగూర కలుపుకుంటూ.

ముందు ఒక పద్ధతి గురించి చెప్పాలి. అప్పట్లో శుభకార్యాలకు నేల మీద చాపలు పరిచి, మోదుగాకు విస్తళ్ళు వేసి, ఎదురెదురుగా రెండు వరసల్లో జనాన్ని కూర్చోబెట్టేవారు. దాన్ని బంతి అంటాం. బంతిలో అందరికంటే పెద్దవాళ్ళు తినడం ముగించి లేచేదాకా, ఎంత తొందర పనున్నా మిగతావాళ్ళు లేవకూడదు. దీనికి ఒక్కటే మినహాయింపు. తింటుండగా ఎవరైనా అవమానిస్తే చేతిలో ముద్ద విస్తట్లో పారేసి విసురుగా లేవచ్చు. ఒకడు లేస్తే వాడి తరఫు వాళ్ళంతా లేవాలి, ఆకలితో ఉన్న పిల్లలతో సహా. అలా లేచారా, ఇక రెండు తరాల పాటు ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టరు. అన్నం ముందు నుంచి లేచిన మహానుభావుల కథలు మా ఇళ్ళల్లో మగవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. వాళ్ళు లేచినందువల్ల పుట్టింటికి దూరమైన ఆడవాళ్ళ కథలు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.

మా మేనత్తను నాదెండ్ల వైపు ఒక ఊరికి ఇచ్చారు. కొన్నేళ్ళకు పంచాయతీ సమితి ఎన్నికలొచ్చాయి. మా తాతయ్య ఒక అభ్యర్థికి పనిచేస్తే, అత్త అత్తింటివాళ్ళు ఇంకో అభ్యర్థికి పనిచేశారు. మా తాతయ్య వైపు మనిషి ఓడిపోయాడు. ఆ ఓడినవాడూ గెలిచినవాడూ ఏడాది తిరక్కుండానే ఒకే జీపులో ఊరేగారు. మా రెండిళ్ళ మధ్య మాత్రం రాకపోకలు తెగిపోయాయి. ఆ ఇంటికి పెద్ద, మా అత్తకు బావగారు. మా తాతయ్య పోయినప్పుడు మా అత్తను కడసారి చూపుకు కూడా రానివ్వని మనిషి. ఆ రోజంతా మా నాయనమ్మ శవం పక్కన కూర్చుని గుమ్మం వైపే చూస్తూ ఉండటం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

తర్వాత కొంతకాలానికి మా మావయ్య, అంటే అత్త భర్త, అన్నతో వేరుపడి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి తనే వచ్చి మమ్మల్ని పిలిచాడు. మా నాన్న, బాబాయి రామన్నారు. మా నాయనమ్మ వాళ్ళతో వాదించలేదు. అత్తకు చీర, మావయ్యకు పంచెలచాపు కొనుక్కొచ్చి, వెళ్ళే రోజు పొద్దున్నే ట్రాక్టరు ట్రక్కు ఎక్కి కూర్చుంది. ఇక వాళ్ళకు తప్పలేదు. ఈ ఒక్క పూట గొడవ లేకుండా గడిస్తే కూతురు మళ్ళీ పుట్టింటి గడప తొక్కుతుంది, చెడితే ఈ జన్మకు లేదు. ట్రక్కులో కూర్చున్న అందరికీ ఇది తెలుసు. అత్త బావగారికీ తెలుసు. ఆయనకు కావలసింది మాత్రం చెడటమే. తమ్ముడు ఎటూ చెయ్యి జారిపోయాడు, వాడికి అత్తగారింటి అండ కూడా దొరికితే ఇక మాట వినడు. అలాగని తమ్ముడింటికొచ్చిన చుట్టాలను పొమ్మనలేడు. వాళ్ళంతట వాళ్ళే లేచిపోయారనిపించాలి.

విధవరాలని మా నాయనమ్మను ఎవరో వెనక్కి పంపబోతే, మా అత్త చెయ్యి పట్టుకుని తెచ్చి మొదటి బంతిలో కూర్చోబెట్టింది. పుట్టింటివాళ్ళమని మేమంతా ఆడా మగా కలిసి ఒక వరసలో కూర్చున్నాం. సరిగ్గా మాకెదురుగా ఆ బావగారు. ఖద్దరు లాల్చీ, వేళ్ళకు ఉంగరాలు. ఉంగరాలతోనే పప్పు పిసుకుతున్నాడు. అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. ఆ చేతిని చూసి అన్నం సహించలేదు.

రెండు ముద్దలు తిన్నామో లేదో ఆయన మొదలుపెట్టాడు. మాతో కాదు, వడ్డించేవాళ్ళతో. "ఒరేయ్, అటేపు ఇంకో గరిటె ఎక్కువ ఎయ్యండ్రా. ఓడినోళ్ళకి ఆకలెక్కువ." అటూ ఇటూ నవ్వారు. మా వరసలో చేతులు ఆగిపోయాయి. అంతటితో ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు? మావయ్యే బతికుంటే ఈ గడప తొక్కేవాడు కాదని, ఆ పౌరుషం ఆయనతోపాటే కాటికి పోయిందని అన్నాడు. ఆయన మావయ్య అన్నది మా తాతయ్యను. తాతయ్య శవాన్ని కూతురికి చూపించనివ్వని నోటితో అన్నాడా మాట.

బాబాయి చేతిలో ముద్ద పారేశాడు. మా నాన్న అప్పటికే ఒక మోకాలు నేలకు ఆనించి సగం లేచాడు. వంటింటి గుమ్మంలో పెరుగు కుండ పట్టుకుని నిలబడ్డ మా అత్త మొహంలో నెత్తుటి చుక్క లేదు.

మా నాయనమ్మ ఎడం చెయ్యి మా నాన్న తొడ మీద వేసింది. గొంతు పెంచలేదు. "కూకోరా. ఇప్పుడు లేస్తే నువ్వు లేచినట్టు కాదు, ఆయన లేపినట్టు. నేను తిన్నాక లేద్దాం."

తర్వాత వడ్డించే అబ్బాయికేసి తిరిగి, ఎక్కువ వెయ్యమని పెద్దబ్బాయి చెప్పాడు గదా, ఎక్కువే వెయ్యమంది. గోంగూర కూడా తెమ్మంది. నూనె పోసుకుని నింపాదిగా కలుపుకుంది. మా నాన్న కూర్చున్నాడు, కూర్చోక ఏం చేస్తాడు, తల్లి తింటుంటే.

ఇక చూడాలి ఆమె తినడం. పప్పు అయ్యింది, వంకాయ కూర అయ్యింది. బూరె అడిగి, తుంచి, నెయ్యి వేయించుకుంది. పప్పుచారు రెండోసారి పోయించుకుంది. మిగతా వాళ్ళందరి భోజనాలు అయిపోయాయి. బంతిలో అందరికంటే పెద్దది మా నాయనమ్మే. ఆమె లేవందే ఎవరూ లేవకూడదు. ఎదుటి వరసలో ఆయన చెయ్యి ఎండిపోతోంది. ఉంగరాల సందుల్లో పప్పు అట్టకట్టింది. ఈగలు వాలుతుంటే రెండో చేత్తో తోలుకుంటున్నాడు. బయట రెండో బంతి కోసం నిలబడ్డ వాళ్ళలో ఎవరో, ఏంది బావా, మీ బంతి ఇంకా లేవలా, మేం పొద్దుగూకిందాకా నిలబడాల్నా అని ఆయన్నే అడిగారు. మళ్ళీ నవ్వులు, ఈసారి ఆయన మీద. చిరాకేసి లేవబోయాడు. పక్కనున్న ముసలాయన మోచెయ్యి పట్టుకుని, పెద్దామె తింటంటే ఎట్ట లేస్తావయ్యా, కూకో అన్నాడు.

అప్పుడు మా నాయనమ్మ తలెత్తి గుమ్మం వైపు చూసి, "అమ్మాయ్, పెరుగు నువ్వు ఏసిపో" అంది.

మా అత్త ఆ రెండు వరసల మధ్య నుంచి, బావగారి ముందు నుంచి నడిచొచ్చింది. పెరుగు సగం విస్తట్లో, సగం చాప మీద పడింది. మా నాయనమ్మ ఆ పెరుగన్నం మెతుకు మిగల్చకుండా తిని, చుట్టరికం నిలవాలని చేసే పద్ధతిలో విస్తరిని తన వైపుకు మడిచి, ఇక లేద్దాం పదండి అంది.

ఇక్కడితో ఆపేస్తే మా నాయనమ్మ పటం కట్టి గోడకు తగిలించే దేవత అవుతుంది. కాదు. తిరుగు దారిలో ట్రక్కులో మా నాన్న, బాబాయి ఆమెను నోటికొచ్చినట్టు అన్నారు. నీకు రోషం లేదా, ఆయనన్న మాటకు ఆ అన్నం ఎట్టా దిగిందని అడిగారు. సాగరు కాలువ కట్ట మీదికి వచ్చాక ఆమె బండాపమంది. దిగి, నాలుగడుగులు వేసి, తుమ్మచెట్టు పట్టుకుని, తిన్నదంతా కక్కేసింది. గోంగూర, బూరెలు, పెరుగు, అన్నీ. నేను వెనకాలే పరిగెత్తి చెంబుతో నీళ్ళు పోశాను. పుక్కిలించేటప్పుడు ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వణుకు భయం కాదని, కోపమని నాకు ఆ వయసులోనే తెలిసింది.

కొంగుతో మూతి తుడుచుకుని, నా భుజం పట్టుకుని అంది. "కడుపు నా మాట వినలేదే. పోనీ. కాళ్ళు విన్నయి గదా."

మా నాన్న ట్రక్కు మీద నుంచి అంతా చూశాడు.

అత్త బావగారు మారాడనుకునేరు. మనుషులు అంత తేలిగ్గా మారరు. మేం సిగ్గులేని తిండిపోతులమని ఊరూరా చెప్పుకు తిరిగాడు. మా నాన్న ఆ మాటకు చానా కాలం కుమిలిపోయాడు. మా నాయనమ్మకు అంత తీరిక లేదు. ఆ శ్రావణంలో కూతురొచ్చి వంటింట్లో కూర్చుని శనగలు నానబోస్తుంటే, పక్కన కత్తిపీట వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది.

ఈ రోజుల్లో తెల్లారేసరికి ఫోన్లో పువ్వుల బొమ్మ వేసి, కోపాన్ని దగ్గరికి రానివ్వకండి, మనసును ప్రశాంతంగా ఉంచుకోండి అని పంపేవాళ్ళున్నారు. వాళ్ళన్నా నాకు అంతే రోత. మా నాయనమ్మ ప్రశాంతంగా లేదు. లోపల కుతకుతా ఉడికింది. కోపం రావడం, అసహ్యం పుట్టడం ఆమె చేతిలో లేవు. ఎప్పుడు లేవాలన్నది ఒక్కటే ఆమె చేతిలో ఉంది. ఆ ఒక్కదాన్నీ ఎదుటివాడికి ఇవ్వలేదు.

నాకు నోరెక్కువని మా చుట్టాలందరికీ తెలుసు. మీ నాయనమ్మ దగ్గర ఓర్పు నేర్చుకోలేదా అని మా ఆయన ఎకసెక్కెం చేస్తాడు. ఓర్పు కాదు నేను నేర్చుకున్నది. మొన్నామధ్య చిలకలూరిపేటలో ఒక ఫంక్షన్ హాల్లో, బల్లల మీద భోజనాలు చేస్తుంటే, మా అమ్మాయి తన ఇష్టంతో చేసుకున్న పెళ్ళి గురించి, మా అల్లుడి కులం గురించి, ఒక పెద్దమనిషి నలుగురూ వినేట్టు ఒక మాట విసిరాడు. బల్ల చుట్టూ అందరూ నా మొహంలోకి చూశారు. నేను లేస్తానని వాళ్ళ ఆశ. నా పక్కన అమ్మాయి, అల్లుడు తలొంచుకుని తింటున్నారు.

నేను పెరుగు వెయ్యమన్నాను. మెల్లగా తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ పెద్దమనిషి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన ఐస్‌క్రీమ్ కప్పులోనే కరిగిపోయింది.

ఇంటికొచ్చే దారిలో కారాపమన్నాను. అమ్మాయి నీళ్ళ సీసా పట్టుకుని నా వెనకే దిగింది. ఈ వయసొచ్చినా నా కడుపు నా మాట వినదు. కాళ్ళ సంగతి మాత్రం నేను చూసుకుంటాను.